నిలబడని ద్రౌపది

చౌడేపల్లె చుట్టుపక్కల ఊళ్ళలో భారతం ఆడించినప్పుడల్లా కడపటి రోజు దుర్యోధనుణ్ణి పరిచేది రామమూర్తే. ఇరవై అడుగుల మట్టి మనిషిని నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, మీసం దిద్ది, గుడ్లు ఉరిమేట్టు పెట్టేవాడు. పొద్దు వాలేలోపు భీముడి వేషగాడు వచ్చి తొడ పగలగొట్టేవాడు. అప్పుడు ద్రౌపది జుట్టు ముడేసుకునేది. ముప్పై ఏళ్ళు ఆ ద్రౌపది జయచంద్ర. ఆయన శోకం పెడితే కుప్పం దాకా ఏడవని ఆడది లేదు.

ఆ జయచంద్రకు ఇప్పుడు ఎవరూ గుర్తు లేరు. మదనపల్లెలో కూతురు అశ్విని ఇంట్లో మంచం పట్టాడు. ఆస్పత్రిలో చూపిస్తే, పోయిన గుర్తు ఇంక తిరిగి రాదన్నారు. పోయిన నెల రామమూర్తి చూడబోతే, "ఎవురప్పా నువ్వు? తెర పట్టేవాళ్ళు యాడ? యాళయిపోతాండాది" అన్నాడు. బావా అని తప్ప పిలవని నోటితో ఎవురప్పా అనిపించుకుని, బస్సు పుంగనూరు చేరేదాకా రామమూర్తి కండువా నోట్లో కుక్కుకున్నాడు.

ఆ నోట మళ్ళీ ఒక్కసారి బావా అనిపించుకోవాలి. చెవికి ఎక్కనిది కంటికి ఎక్కుతుందేమో. జానెడు ద్రౌపదినీ, ఆమెకో చిన్న రంగస్థలాన్నీ చేసి ముందర పెట్టాలనుకున్నాడు.

చెరువు మట్టి తెచ్చి, రాళ్ళు ఏరి, ఊక కలిపి తొక్కాడు. రంగస్థలం బాగానే కుదిరింది. చెక్క పీటమీద పుల్లల పందిరి, భార్య వసంతమ్మ రవికె గుడ్డతో తెర, అగ్గిపెట్టెతో హార్మోనియం. బొమ్మ దగ్గరే వచ్చింది చిక్కు. పొద్దున నిలబెడితే మధ్యాహ్నానికి మోకాళ్ళ దగ్గర కూలబడేది.

"ముప్పై ఏండ్లు పండుకున్నోన్నే చేస్తివి. నిలబెట్టేది నీ చేతికి యాడొస్తాది?" అంది వసంతమ్మ.

"నోరు మూసుకోని ఆ కుండలో నీళ్ళు తే."

"నీళ్ళు ఎక్కువయ్యే గదా అది కూలబడేది! పలమనేరు పోయి కుమ్మరోళ్ళనన్నా అడగరాదా?"

"జయచంద్ర మొగం నాకు తెలుసు. వాళ్ళకేం తెలుసు?"

మొగం తెలిసిన మాట నిజమే. ముక్కుపుడక పక్కన పులిపిరి కూడా మరవలేదు. కాళ్ళు నిలవాలని లోపల వేప పుల్లలు గుచ్చాడు. మట్టి ఆరి కుంచించుకుంది, పుల్ల కుంచించుకోలేదు. మూడో రోజుకు తొడలమీద నెర్రెలు విచ్చాయి. దుర్యోధనుడైతే ఒక్క పూట ఉంటే చాలు, నెర్రె విచ్చేలోపే భీముడు వచ్చేస్తాడు. ఆరిన మట్టి ఏం చేస్తుందో రామమూర్తి ఏనాడూ చూసి ఎరగడు.

అదే పూట అశ్విని ఫోన్ చేసింది. "మామా, నాయన గంజి గూడా మింగడంల్యా. వస్తే బిన్నా రా, ఆలస్యం చెయ్యొద్దు."

నెర్రెల్లో తడిమట్టి మెత్తి, అది ఆరకముందే బస్సెక్కాడు. పీటను ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా సీటు మీంచి లేచి నిలబడ్డాడు. అయినా అశ్విని ఇంట్లో తుండుగుడ్డ విప్పి చూస్తే, మోకాళ్ళ కింద పిండి పిండి. పైభాగం మాత్రం చెక్కుచెదరలేదు. వేరే దారి లేక ద్రౌపదిని తెరముందు వెల్లకిలా పడుకోబెట్టాడు.

"నాయనా, మామ ఏం తెచ్చినాడో సూడు" అని అశ్విని తండ్రిని లేపి దిండుకు ఆనించింది.

జయచంద్ర కళ్ళు తెరమీదికి పోయాయి. హార్మోనియం దగ్గర ఆగాయి. ఎండిన పెదాలు కదిలాయి. రామమూర్తి పీటను ఇంకొంచెం దగ్గరికి జరిపాడు. ఆ చూపు మెల్లగా బొమ్మమీద వాలింది.

"అబ్బ! దుర్యోధనుడు భలే కుదిరినాడే. ఎవురు చేసిందప్పా?"

"నేనే జయా. రామమూర్తిని."

"ఎవురో గానీ పనోడే."

"అది నువ్వే నాయనా! ముక్కుపుడక సూడు" అంది అశ్విని.

ఆయన వినలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. "ద్రౌపది ఇంకా రాలే. జనం లేసి పోతాండారు" అన్నాడు గోడతో.

రామమూర్తి బొమ్మను నడుము పట్టుకుని పీటమీద నిలబెట్టాడు. చెయ్యి తీస్తే పడిపోతుంది. తియ్యకుండా అట్లాగే వంగి కూర్చున్నాడు. జయచంద్ర మళ్ళీ ఇటు తిరగలేదు.