తలుపు మింగిన స్వరాలు

వదిన ఫోన్ చేసేసరికి నేను ఒక రిటైరైన లెక్కల మాస్టారి చెవిలో మెత్తటి ముద్ద నింపి అచ్చు తీస్తున్నాను. వినికిడి యంత్రాల దుకాణంలో నా పని అదే. అచ్చు గట్టిపడేదాకా మనిషి కదలకూడదు, పక్కన గోల ఉండకూడదు. అందుకని వదిన చెప్పిందంతా ఊఁ కొట్టకుండా విన్నాను.

"మీ అన్నయ్య పాట కోసం పెద్ద కంపెనీవాళ్ళు పిలిచారు. కొత్తరకం ఆటట. కళ్ళకి ఏదో తగిలించుకుంటే ఆటలోకే వెళ్ళిపోతారట. గురువారం పదకొండింటికి. ఇంటి మనిషి ఒకరు పక్కన ఉంటే బాగుంటుంది కదా. నేను వెళ్దామంటే ఈ మోకాళ్ళొకటి. నువ్వు వెళ్తావా?"

మీ అన్నయ్య పాట. ఆ మూడు మాటలకి నా ఒళ్ళు మండిపోయింది. మాస్టారి చెవిలోంచి అచ్చు జాగ్రత్తగా బయటికి తీశాక, "వెళ్తాను వదినా" అన్నాను. వెళ్ళేది చప్పట్లు కొట్టడానికి కాదని మాత్రం చెప్పలేదు.

ఆ పాట నాది. ఇరవై ఆరేళ్ళ క్రితం అన్నయ్య మా ముందుగదిలో రెండు కంప్యూటర్లు పెట్టుకుని "ఏడు గదులు" అనే వీడియో గేమ్ తయారు చేశాడు. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. నా దగ్గరో చిన్న కీబోర్డు ఉండేది. ఆట మొదలయ్యే ముందు వచ్చే నలభై సెకన్ల బాణీ నేను కట్టాను. తెర మీద సంగీతం అన్నచోట అన్నయ్య తన పేరే వేసుకున్నాడు. కంపెనీ అన్నాక ఒకే పేరుంటే హుందాగా ఉంటుందన్నాడు. నేను నమ్మాను. ఆ వయసులో నా చెవిలో ఎవరు పువ్వు పెట్టినా సంతోషంగా పెట్టించుకునేదాన్ని.

కంపెనీ రెండేళ్ళకే మూతపడింది. అందరూ మరిచిపోయారు, నాతో సహా. నాలుగేళ్ళ క్రితం ఒకడు ఆ బాణీ పట్టుకుని డప్పులూ గిటార్లూ దట్టించి రీమిక్స్ చేశాడు. అది చూసి ఇంకొకడు, వాణ్ణి చూసి మరో వందమంది. ఇప్పుడు జనం దానికి చెవి కోసుకుంటారు. రోజుకి రెండుసార్లయినా నా దుకాణంలోనే ఎవరి జేబులోంచో నా పాట మోగుతుంది. నేను వాళ్ళ చెవిలో ముద్ద నింపుతూ నోరు మూసుకుంటాను.

అసలు మంట వేరే ఉంది. ఆ రీమిక్సులన్నిటిలో ఏడో వరుస దగ్గర పాట ఆగిపోతుంది. రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత మళ్ళీ అందుకుంటుంది. "ఆ మౌనమే ఆ పాటకి ప్రాణం" అని రాసేవాళ్ళూ, దాని మీద గంటసేపు ప్రసంగాలు చేసేవాళ్ళూ తయారయ్యారు. నిజానికి అక్కడ మౌనం లేదు. నాలుగు స్వరాలున్నాయి. ఆ రోజుల్లో ఆటపెట్టెలోని చిప్పు ఒకేసారి మూడు శబ్దాలే పలకగలదు. సరిగ్గా ఏడో వరుస దగ్గర తెర మీద కోట తలుపు కిర్రుమని తెరుచుకుంటుంది. ఆ కిర్రు పలకాలంటే మూడింట్లో ఒకటి ఖాళీ చెయ్యాలి. అన్నయ్య రాసిన ప్రోగ్రాము నా బాణీ నోరు మూసి ఆ చోటు తలుపుకి ఇచ్చేసింది. రీమిక్స్ చేసినవాళ్ళు తలుపు చప్పుడూ, దాని కింద మోగే మంద్రమూ తీసేశారు, మిగిలిన గొయ్యిని మౌనం అనుకున్నారు.

అన్నయ్యకి అప్పుడే చెప్పాను, కింద మోగే మంద్రం ఆపి దాని చోటు తలుపుకి ఇవ్వమని. పది నిమిషాల పని. "ఎవరు గమనిస్తారే" అన్నాడు.

ఆ ఆఫీసు తొమ్మిదో అంతస్తులో ఉంది. గోడలనిండా నల్లటి స్పాంజి, నేలంతా రబ్బరు పరుపు, కాళ్ళకి చుట్టుకునే వైర్లు, కొత్త ప్లాస్టిక్ వాసన. అన్నయ్య కొత్త కోటు వేసుకొచ్చాడు. నన్ను చూసి, "ఏమే, దుకాణం మూసేసి వచ్చావా, పాపం" అన్నాడు. ఆ పాపం ఎవరికో అర్థం కాలేదు.

అక్కడ ఇద్దరున్నారు. ఒకావిడ ఈ ఆట మొత్తానికీ మేనేజరు, చేతిలో ఫైలు. రెండోవాడు మొదటి రీమిక్స్ చేసిన మహానుభావుడు. తల కన్నా పెద్ద హెడ్‌ఫోన్లు మెడలో వేసుకున్నాడు. మనసులో వాడికి చెవులపిల్లి అని పేరు పెట్టేశాను. వాడు అన్నయ్య చేతులు రెండూ పట్టుకుని, "సార్, మా తరానికి మీరు దేవుడు" అన్నాడు. దేవుడు మొహమాటపడినట్టు నటించాడు.

"ఆ మౌనం గురించి చెప్పండి సార్. అది ఎలా తట్టింది మీకు?"

అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆ ఏడాది మా అమ్మకి ఆపరేషన్. థియేటరు తలుపు బయట నిలబడ్డాను. తలుపు తెరుచుకుంటే ఏ కబురొస్తుందో తెలీదు. ఆ రెండు క్షణాలు ఊపిరాడలేదు. అదే పాటలో పెట్టాను."

చెవులపిల్లి కళ్ళు తడిశాయి. మేనేజరు రాసుకుంది. మా అమ్మ ఆ ఏడాది ఆస్పత్రి గుమ్మం తొక్కలేదు. ముందుగదిలో వైర్లు తట్టుకుని పడి, అన్నయ్యని వారం రోజులు తిట్టింది, అంతే.

"అక్కడ మౌనం లేదు" అన్నాను. "నాలుగు స్వరాలున్నాయి. వాటిని తలుపు చప్పుడు మింగేసింది. ఆ పాట కట్టింది నేను."

అన్నయ్య ముఖం కందగడ్డలా అయింది.

"మా చెల్లెలు లెండి" అన్నాడు వాళ్ళతో. "చిన్నప్పుడు పక్కన కూర్చుని వింటూ ఉండేది. విన్నదంతా తనదే అనుకుంటుంది."

"పాత ఆట ఫైలు ఉంటే తీసి చూడండి" అన్నాను.

చెవులపిల్లి దగ్గర ఉంది. లాప్‌టాప్ తెరిచి వెతికాడు. ఏడో వరుసలో నాలుగు స్వరాలు బుద్ధిగా కూర్చుని ఉన్నాయి, ఇరవై ఆరేళ్ళుగా ఎవరికీ వినపడకుండా. వాడు వాటి వంక నోరు వెళ్ళబెట్టి చూశాడు. అన్నయ్య లాప్‌టాప్ వైపు వంగాడు.

"అవును, ముందు రాశాను. తర్వాత నేనే తీసేద్దామనుకున్నాను. మౌనం బాగుందనిపించింది."

మేనేజరు ఫైలు మూసింది. "చూడండి, నాకు ఇందులో సంగీతం అక్కర్లేదు. స్వరకర్త అన్నచోట ఒక పేరు కావాలి, కింద ఆ మనిషి సంతకం కావాలి. అప్పట్లో మీరిద్దరూ కాగితమేమైనా రాసుకున్నారా?"

"చెల్లెలి దగ్గర కాగితం ఎవరు తీసుకుంటారు" అన్నాను.

"నా పాటకి నాకే కాగితమెందుకు" అన్నాడు అన్నయ్య.

"అయితే ఎవరు కట్టారన్నదే లెక్క. ఇద్దరూ నేనంటే నేనంటున్నారు. తెర మీద మాత్రం సార్ పేరే ఉంది మేడమ్" అంది, ఇక మీరు లేవచ్చు అన్నట్టు.

అప్పుడు చెవులపిల్లికి తన యంత్రం గుర్తొచ్చింది. తలకి పెట్టుకునే పరికరం, ఒంటికి తొడిగే జాకెట్టు, ఛాతీకి కట్టే పట్టీ. పట్టీ గుండెని వింటుంది, గుండెని బట్టి పాట మారుతుంది. "రేపటి ఆటల్లో పాట ముందే రాసి పెట్టడం ఉండదు మేడమ్. ఆడేవాడి గుండె ఎలా కొట్టుకుంటే పాట అలా పోతుంది. మా డిజైనంతా ఆ మౌనం మీదే కట్టాం. రెండు రకాలూ వినిపిస్తాను, స్వరాలతో ఒకసారి, లేకుండా ఒకసారి. మీ గుండే చెబుతుంది."

నా గుండె సాక్ష్యం చెప్పడానికి వీడి అనుమతి కావాలా అని పళ్ళు నూరుకున్నాను. కానీ నాకు ధీమాగా ఉంది. నా స్వరాలకి నా గుండె కొట్టుకోకపోతే ఇంకెవరి గుండె కొట్టుకుంటుంది?

"కట్టండి" అన్నాను. "ఆ నాలుగు స్వరాల దగ్గర నా గుండె లేవకపోతే నోరు మూసుకుని ఇంటికి పోతాను. స్వరకర్త ఆయనే అని రాసుకోండి."

అన్నయ్య తన కుర్చీని గుండె గీతలు కనబడే తెర దగ్గరికి జరుపుకున్నాడు.

కళ్ళు కప్పేశాక రాతిగోడల నడవాలో ఉన్నాను. పాదాల కిందనుంచి మంద్రం, నెత్తి మీదనుంచి నా బాణీ. ఒప్పుకోవడానికి మనసు రాలేదుగానీ బాగుంది. ఎదురుగా తలుపు. ఏడో వరుస వచ్చింది. నా నాలుగు స్వరాలు ఒకదాని వెనక ఒకటి మెట్లు దిగినట్టు దిగాయి. పైన బాణీ అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పి, చక్కగా సర్దుకుని కూర్చున్నాయి. తలుపు తెరుచుకుంది. ఇంతేనా అనిపించింది. ఆ మాట నాలో నేను కూడా అనుకోకూడదని ప్రయత్నించాను.

రెండోసారి మళ్ళీ నడవా, మళ్ళీ బాణీ. ఏడో వరుస దగ్గర అంతా ఆగిపోయింది. మంద్రం లేదు, గాలి లేదు. ఎదురుగా తలుపు మాత్రం ఉంది. నా స్వరాల కోసం నేనే మెడ చాచి ఎదురుచూశాను. అవి రాలేదు. గుండె గుభేలుమంది, ఆ తర్వాత ఇక ఆగలేదు. ఇరవై ఆరేళ్ళు నేను పళ్ళబిగువున దాచుకున్న ఆ నాలుగు స్వరాలు, పందొమ్మిదేళ్ళ పిల్ల ఒద్దికగా రాసుకున్న మామూలు స్వరాలని ఆ రెండు క్షణాల్లో తెలిసిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

పరికరం తీసేసరికి తెర మీద రెండు గీతలున్నాయి. మొదటిది నేలకి అతుక్కుపోయింది. రెండోది ఏడో వరుస దగ్గర నిటారుగా లేచింది. అందరూ చూస్తున్నారు. సొంత గుండె ఇంటిగుట్టు బయట పెట్టేసింది. నేను పట్టీ విప్పుకుంటూ చెప్పుల కోసం చూశాను. అన్నమాట ప్రకారం వెళ్ళిపోవడమే మిగిలింది.

అన్నయ్య అక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ ఆయన ముఖం వెలిగిపోతోంది. చిన్నప్పుడు నా మార్కుల కాగితం పక్కన తనది పెట్టి చూసుకునేటప్పుడు ఉండే వెలుగు అది. కుర్చీలోంచి లేచి, తెర మీద మొదటి గీతని వేలితో పొడిచాడు.

"చూశావా? నేనప్పుడే చెప్పలేదూ? తలుపు చప్పుడుని మంద్రం చోటికి జరపమని వారం రోజులు నా ప్రాణం తీశావు. నీ స్వరాలు పేలవంగా ఉన్నాయనే జరపలేదు నేను. వాటిని తీసేశాను కాబట్టే ఈ పాట ఇంతదైంది."

చెవులపిల్లి హెడ్‌ఫోన్లు సర్దుకోవడం మానేశాడు. మేనేజరు ఫైలు మళ్ళీ తెరిచింది.

"ఎవరి స్వరాలు సార్?" అంది మెల్లగా.

అన్నయ్య కళ్ళజోడు కోసం చెయ్యెత్తి, మళ్ళీ దించేశాడు. అంతవరకూ నాలో ఒక మూల చిన్న అనుమానం ఉండేది, పాపం మరిచిపోయాడేమో, తనే కట్టానని నిజంగానే నమ్ముతున్నాడేమో అని. మరిచిపోలేదు. వారం రోజులు బతిమాలానని కూడా గుర్తుంది. ఆ మాట నాకు గీతల కన్నా ఎక్కువ తగిలింది.

మేనేజరు కాగితం నావైపు తిప్పింది. స్వరకర్త అన్నచోట నా పేరు నా చేత్తోనే రాశాను. కింద సంతకం పెట్టాను.

"పాట మీది. మరి ఆ నాలుగు స్వరాలు పెట్టమంటారా మేడమ్?" అని అడిగాడు చెవులపిల్లి. వాడి గొంతులో భయం తెలుస్తూనే ఉంది. పెట్టమంటే వాడి డిజైను మొత్తం కూలిపోతుంది. అన్నయ్య చేసిన పని చెరిగిపోతుంది. పెట్టమనాలని నాలుక చివరిదాకా వచ్చింది.

"వద్దు" అన్నాను. "లేకపోతేనే బాగుంది."

జీవితంలో అంత కష్టమైన మాట ఇంకెప్పుడూ అనలేదు. అదీ ఆయన ముందు.

అన్నయ్య వెంటనే అందుకున్నాడు. "అంటే ఆ మౌనం నాదే కదా. నువ్వే ఒప్పుకున్నావు. మేడమ్, ఆ పక్కన ఎక్కడైనా, చిన్న అక్షరాల్లో అయినా, నా పేరు..."

మేనేజరు నావంక చూసింది. ఆ క్షణంలో ఆయన మీద జాలి కలగాలి. తోడబుట్టినవాడు, యాభై దాటినవాడు, కొత్త కోటులో నిలబడి చిన్న అక్షరాలు అడుగుతున్నాడు. ఎంత వెతుక్కున్నా నాకు జాలి దొరకలేదు.

"ఖాళీకి పేరు వెయ్యరన్నయ్యా" అన్నాను. "ఇరవై ఆరేళ్ళు నేనూ ఖాళీనేగా, నా పేరెక్కడైనా వేశారా?"

ఆయన లిఫ్టు దగ్గర నిలబడి బొత్తాం నొక్కుతూ ఉన్నాడు. పక్కన నిలబడి ఆ పెట్టెలో దిగడం ఇష్టం లేక, నేను తొమ్మిది అంతస్తులూ మెట్లమీదే దిగాను.