నాగేంద్రమ్మ కుళాయి

నకరికల్లు పక్కన ఆ పల్లెలో ఇంటి బావికి కరెంటు మోటారు పెట్టించి, మిద్దె మీద ట్యాంకు కట్టించి, వంటింట్లోకి కుళాయి తెప్పించుకున్న మొదటి ఇల్లాలు నాగేంద్రమ్మ. ఆ సంబరం కాస్తా మూణ్ణాళ్ళ ముచ్చటే అయింది. మోటారు గుర్రుమంటూనే ఉంది, ట్యాంకులోకి మాత్రం చుక్క ఎక్కదు.

"పొద్దుగూకేలోపు నీళ్ళు రాకపోతే మోటారు ఊడబెరికి మిరపచేలో పెట్టిస్తా," అన్నాడు మొగుడు చెన్నకేశవరావు. అన్నాడంటే చేస్తాడు, మహానుభావుడు! ఇన్నేళ్ళూ తోడి తోడి నాగేంద్రమ్మ అరచేతులు కాయలు కాశాయి. మళ్ళీ ఆ చేంతాడు పట్టుకోవాలంటే ఆమెకు ఏడుపొచ్చింది.

అరుగు మీంచి అత్త కొండమ్మ దెప్పింది. "నే జెప్పలా? నేను కాపరానికొచ్చిన కాణ్ణించి తోడా. నా చేతులేమన్నా అరిగిపోయినయ్యా? కుళాయంట, కుళాయి!"

నాగేంద్రమ్మ కొంగు బిగించింది. బావిగట్టు మీది పంపులో చెంబుతో నీళ్ళు పోసింది. నిండినట్టే నిండి గుటగుటమంటూ కిందికి దిగిపోయాయి. మళ్ళీ పోసింది. మళ్ళీ అంతే.

"జాన్ సాహెబ్ అన్నా, పోసినయ్యి పోసినట్టే దిగిపోతన్నయ్. అడుగున మూత పడట్లేదేమో చూడు," అంది, కబురంపితే వచ్చిన ఫిట్టరుతో.

"అంతే అయ్యుంటది చెల్లెమ్మా," అని అతను గొట్టం పైకి లాగించాడు. కొసనున్న ఫుట్‌వాల్వు విప్పితే, మూతకు అడ్డంగా కొబ్బరి పీచు, దాన్ని చుట్టుకుని పసుపుదారం!

"ఎవరు బావిలో ఇయ్యన్నీ ఏసింది?" చెన్నకేశవరావు చిందులు తొక్కాడు.

అరుగు మీద కొండమ్మ విసనకర్ర వేగం పెరిగింది.

"ఏంది, అట్టా జూస్తారు? నేనే ఏశా! కుళాయి పెట్టిన మర్నాడు గంగమ్మతల్లికి కాయ కొట్టి మొక్కా. నేను పడ్డ చాకిరీ నా కోడలికొద్దు, దాని కుళాయి ఎప్పుడూ ఆగకూడదు అని!"

నాగేంద్రమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇంత ప్రేమ కడుపులో దాచుకుని, ఇన్నాళ్ళూ ఆ దెప్పుళ్ళేమిటమ్మా!

వాల్వు శుభ్రమైంది, గొట్టం దిగింది, మోటారు తిరిగింది. కాసేపటికి కుళాయి నాలుగు దగ్గులు దగ్గి భళ్ళున నీళ్ళు కక్కింది. నాగేంద్రమ్మ అత్తను లాక్కొచ్చి, మొద్దుబారిన ఆ అరచేతుల్ని ధార కింద పెట్టింది.

"చల్లగా ఉన్నయ్యే," అంది కొండమ్మ మెల్లగా. "గంగమ్మతల్లి నా మాట దక్కించింది. ఇంకో కాయ కొట్టాలి."

"కొట్టత్తా, గుళ్ళో కొట్టు. బావి జోలికి మాత్రం పోమాక!"

ఇంటిల్లిపాదీ నవ్వారు. కొండమ్మ కూడా నవ్వింది గాని, చాలాసేపు కుళాయి కింద నుంచి చేతులు తియ్యలేదు.