దారి మార్చుకున్న వెలుగు

కోడలు చదివింది నక్షత్రాల శాస్త్రం. పిల్ల పుట్టాక ఐదేళ్లు ఇంటిపట్టునే ఉండిపోయింది. ఇప్పుడు నక్షత్రశాలలో పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగం ఒకటి ఉందంటే దరఖాస్తు పెట్టింది. పిల్లలు చేత్తో తడిమి చూసే బొమ్మ తెచ్చి, దాని మీద పాఠం చెప్పి చూపించమన్నారు.

ఆ బొమ్మని బట్ట మీద కుట్టే పని అత్త నెత్తిన వేసుకుంది. ముప్పై ఏళ్లు దర్జీ దుకాణంలో పువ్వులు కుట్టిన చెయ్యి ఆమెది. కోడలు పక్కన కూర్చుని సంగతంతా చెప్పింది. గెలాక్సీల గుంపుల్లో మహావేడి వాయువు ఉంటుందట. ఆ వేడికి పరమాణువులు చెదిరి, ఎలక్ట్రాన్లు బడి విడిచిన పిల్లల్లా పరుగులు పెడతాయట. ఎప్పటిదో చల్లని వెలుగు అటుగా వచ్చి వాటికి తగిలితే, దారి మారి, కాస్త బలం పుంజుకుని పోతుందట. ఎర్రదారం, నీలిదారం చేతికిచ్చింది గాని, ఏది ఎటో చెప్పలేదు. అత్త అడగనూ లేదు.

బయల్దేరే పొద్దున బట్ట మడత విప్పగానే కోడలి మొహం వాడిపోయింది. ఎడమనుంచి బాణంలా నీలిగీత వచ్చి, ఎలక్ట్రాన్‌గా కుట్టిన గుండీకి తగిలి, కుడివైపుకి ఎర్రగా పోతోంది.

"రంగులు తిరగబడ్డాయి అత్తయ్యా."

"వేడెక్కింది ఎర్రన కాక ఇంకేం రంగే? వేడినీళ్ల కుళాయి మీద ఎర్రచుక్క చూళ్లేదూ?"

"మా లెక్కలో నీలానికే బలం. ఎరుపు నీరసం."

ఆకాశంలో అన్నీ తలకిందులేనని అత్త గొణుక్కుంది. బస్సుకి అరగంట ఉంది. గొలుసుకుట్టు విప్పడానికే గంట పడుతుంది. నోటితో చెప్పి సర్దుకుంటానంది కోడలు. అత్త బట్టని మోకాళ్ల మీద పరుచుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"వెలుగు ఎడమనుంచే రావాలని పట్టింపేమైనా ఉందా?"

"లేదు. ఎటునుంచైనా వస్తుంది."

"అయితే బాణం మొనలు రెండూ విప్పి, ఇటు తిప్పి కుడితే చాలు."

పావుగంటలో ఎర్రవెలుగు కుడినుంచి వచ్చి, గుండీకి తగిలి, నీలమై ఎడమకి పోయింది. కోడలు అత్త భుజానికి చెంప ఆనించింది. సూది గుచ్చుకుంటుంది, లెమ్మంది అత్త.

బట్ట రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలని కోడలు ఆమెనూ నక్షత్రశాలకి వెంటబెట్టుకెళ్లింది. అక్కడ ప్రశ్నలు వేస్తున్న పెద్దాయన, వెలుగు కుడినుంచి వస్తోందేమని అడిగాడు. కోడలు దాచకుండా జరిగిందంతా చెప్పి, పిల్లలూ మొదట ఎరుపే వేడని ఇలాగే పొరబడతారు కాబట్టి పాఠం ఆ పొరపాటు దగ్గరే మొదలుపెడతానంది. ఆయన ఏదో రాసుకుని, సోమవారం నుంచి రాగలరా అన్నాడు.

కోడలి జవాబు అత్తకి వినపడలేదు. కోడలి వైపు కొస వణికితే, తన కొసని గట్టిగా పట్టుకుంది.