జంట గీత

వ్యాను ఇంజనుకి మూతలా ఉండే హెడ్డును బోల్టన్న గోనెసంచిలో చుట్టి వీధి వెంట మోసుకొచ్చి, పెరట్లో బట్టలుతికే బండ మీద దించాడు. ఎప్పుడు చూసినా పళ్ళ మధ్య ఒక బోల్టు ఉంటుంది కనుక ఆ మెకానిక్కుకి ఆ పేరు. ముఖ్యమైన మాటయితేనే దాన్ని బయటికి తీస్తాడు.

ఇప్పుడు తీశాడు.

"మూడో సిలిండరు పక్కన, హెడ్డు కింద పరిచే గ్యాస్కెట్టు కాలిపోయింది. నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. ఆ తెల్లపొగ అందుకే."

"ఎందుకు కాలింది?" అని అడిగాడు మామ. ఆయన అప్పటికే కుర్చీ తెచ్చుకుని బండకి ఎదురుగా వేసుకున్నాడు.

"రేడియేటర్లో నీళ్ళు లేకుండా తోలితే కాలుతుంది. హెడ్డు మొహం చదునుగా లేకపోయినా కాలుతుంది. శుభ్రం చేస్తేగాని చెప్పలేం. నా షెడ్డు ఖాళీ లేదు పెద్దాయనా. మసి తీసి, మొహం చదును చేసి, వాల్వులు నూరి ఉంచండి. సాయంత్రం వచ్చి ఎక్కిస్తా."

బోల్టు మళ్ళీ పళ్ళ మధ్యకి పోయింది. మనిషి వీధిలోకి పోయాడు.

"విన్నారా అల్లుడుగారూ? నీళ్ళు లేకుండా తోలితే కాలుతుందట."

"రెండో మాట కూడా అన్నాడు మావయ్యా."

"నాకు ఒక చెవే పనిచేస్తుంది."

మామకి కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. పెళ్ళయిన కొత్తలో అల్లుణ్ణి 'ఒరే అబ్బాయ్' అనేవాడు. వ్యాను చేతికిచ్చిన నాటికి 'బాబూ' అయింది. ఈమధ్య 'అల్లుడుగారూ, మీరు' దాకా వచ్చింది. మోకాళ్ళు మొండికేసి, బ్రేకు తొక్కలేక ఆయన వ్యాను దిగాడు. దిగాడే గాని వదల్లేదు. తెల్లారకముందే బేకరీ దగ్గర రొట్టెలు ఎక్కించుకుని కొట్లకి చేరవేయడం ఇప్పుడు అల్లుడి పని. అతను ఇంటికి రాగానే మామ బానెట్టు మీద అరచెయ్యి వేసి చూసేవాడు, ఒళ్ళు కాలుతోందేమోనని చంటిపిల్లను చూసినట్టు.

వ్యాను నడివీధిలో పొగ కక్కి ఆగిన రోజునే ఆయన తాళం లాక్కున్నాడు. అది ఇప్పుడు ఆయన చొక్కా జేబులో, పిన్నీసుతో గుచ్చి ఉంది.

"నేనేం గొంతెమ్మ కోరిక కోరట్లేదు," అన్నాడు మామ. "నీళ్ళు చూసుకోకుండా తోలాను, తప్పు నాదే అని సాయంత్రం బోల్టు ముందర ఒక్క మాట అనండి. తాళం మీ చేతిలో పెడతా. అనలేదా, రేపు పొద్దున ఆ సీట్లో వేరే డ్రైవరుంటాడు. మాట్లాడి ఉంచాను."

"రోజూ నీళ్ళు పోసే బయల్దేరేవాణ్ణి. చెయ్యనిది చేశానని ఎలా అంటాను?"

"అయితే అనకండి. హెడ్డు మాత్రం కడగండి. కొత్తవాడికి శుభ్రమైన బండి ఇవ్వాలిగా."

వంటింటి గుమ్మంలోంచి కూతురు అందుకుంది. "రోజూ ఆ నీళ్ళ డబ్బా అందించేది నేను నాన్నా. నన్నడుగు."

"నువ్వు ఆయన పెళ్ళానివి. నీ సాక్ష్యం చెల్లదు."

"నీ కూతుర్ని కానా?"

"ఆ సంగతి ఈమధ్య గుర్తుచేసుకోవాల్సి వస్తోంది."

అల్లుడు స్ప్రింగులు నొక్కిపట్టి వాల్వులు ఒక్కొక్కటే ఊడదీశాడు. అట్టపెట్టె మూతకి బెజ్జాలు పొడిచి, అంకెలు వేసి, వాటిని వరసలో గుచ్చాడు.

"అన్నీ ఒకేలా ఏడుస్తున్నాయిగా, ఎందుకీ భాగోతం?" అన్నాడు మామ.

"ఒకదాని సీట్లో ఇంకొకటి సరిగ్గా కూర్చోదు."

"డ్రైవర్లు బానే కూర్చుంటారు."

హెడ్డును కిరోసిన్ తొట్టిలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో, వెదురుపుల్లతో అతను మసి తీయడం మొదలుపెట్టాడు. నల్లటి పెచ్చులు తడిసి, పొక్కిలి లేచి, నెమ్మదిగా వదులుతున్నాయి. నెమ్మది మామకి పడదు. కుర్చీ కోళ్ళు రెండుసార్లు కిర్రుమన్నాయి.

"పళ్ళు తోముతున్నారా దానికి? నేను దీన్ని ఒక్క పూటలో విప్పి, గీకి, ఎక్కించాను. ఇదే పెరడు, ఇదే బండ. అప్పటికి మీరు ఈ ఇంటి గుమ్మం తొక్కలేదు. మళ్ళీ ఇన్నాళ్ళూ నోరెత్తిందా అది?"

అంటూ లేచి, కుంటుకుంటూ లోపలికి వెళ్ళి గోకుడుబద్ద పట్టుకొచ్చాడు. విరిగిన ఆకురాయిని అరగదీసి ఆయనే చేసుకున్నది. పిడికి సైకిలు ట్యూబు చుట్టి ఉంది. అంచున ఒక మూల పెచ్చు ఎగిరిపోయి రెండు కోరలు మిగిలాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"ఇది పట్టండి."

"వద్దు మావయ్యా. ఇది అల్యూమినియం. గీత పడుతుంది."

"లారీల ఇంజన్లు గీకిన బద్ద ఇది. నాకు మీరు నేర్పాలా?" మామ వంగి హెడ్డు అంచున సర్రున ఒక్క గీకు గీకాడు. "చూడండి, ఎలా వచ్చిందో!"

వచ్చింది. మసితోపాటు లోహమూ లేచింది. లోతుగా ఒక గీత, దాని పక్కనే వెంట్రుకలాంటి ఇంకో గీత. తల్లి చెయ్యి పట్టుకుని నడిచే పిల్లలా రెండూ జంటగా సాగాయి.

అల్లుడు ఆ గీతలకేసి చూసి, బద్దను బండ చివరకి జరిపాడు. మళ్ళీ వెదురుపుల్ల అందుకున్నాడు. మూడో సిలిండరు దగ్గర కాలిన గ్యాస్కెట్టు తారులా అంటుకుపోయి ఉంది. కిరోసిన్ పోస్తూ, గుడ్డతో తుడుస్తూ, చాలాసేపు అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత చెయ్యి ఆగింది.

నీళ్ళ బెజ్జం నుంచి సిలిండరు అంచు దాకా, తిన్నగా, ఒక లోతు గీత. పక్కనే వెంట్రుకలాంటి గీత. లోపల పాత మసి గట్టిపడిపోయి, కాటుక దిద్దినట్టు నల్లగా ఉన్నాయి.

"ఇలా రా," అని భార్యను పిలిచాడు.

ఆమె చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, అతను చూపించిన చోట గోరు పెట్టి అడ్డంగా లాగింది. గోరు రెండుసార్లు తట్టుకుంది. అంచున ఇందాకటి కొత్త గీత మీద లాగింది. రెండుసార్లు. బండ చివరనున్న గోకుడుబద్దను చూసింది. తండ్రిని చూసింది.

"నాన్నా, ఒకసారి వచ్చి చూడు."

"నాకు చూపు ఆనదు."

"ఇందాక ఒక చెవి, ఇప్పుడు కళ్ళు. ఇంకేం మిగిలాయి నీకు?"

"నోరు," అన్నాడు మామ. ఆయన కుర్చీలోంచే చూశాడు. దూరం నుంచే చూశాడు. చూడాల్సింది అందింది.

అప్పుడొక వింత జరిగింది. పొద్దుటి నుంచి, ఆ ఒక్క గీకు తప్ప, పూచికపుల్ల తీసి అవతల పెట్టని మనిషి తనంతట తాను లేచి, ఇంట్లో పాత బీరువా తలుపు తీసి, అందులోని మందపాటి అద్దం పలకను గుండెకి హత్తుకుని మోసుకొచ్చాడు. పెరట్లోని బల్ల తుడిచి దాని మీద పరిచాడు. గరుకు కాగితాలు కూడా ఆయనే వెతికి తెచ్చాడు.

"కానివ్వండి. కాగితం అంటించి హెడ్డు బోర్లించి రుద్దండి. అద్దంలా రావాలి. గీత అన్నది కనబడకూడదు. పొద్దు వాలుతోంది."

అల్లుడికి సంగతి బోధపడింది. రుద్దితే హెడ్డు బాగుపడుతుంది. రుద్దితే ఆ జంట గీత పోతుంది. అది పోయాక తన మాట వినే దిక్కుండదు. రుద్దకపోతే వ్యాను కదలదు.

అతను హెడ్డును రెండు చేతులా ఎత్తి, మొహం పైకి ఉండేలా బండ మీదే తిరగేసి పెట్టాడు. పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు.

"ఏం, చేతులు పడిపోయాయా?"

"బోల్టన్న వచ్చి చూసినాక రుద్దుతాను."

"వాడొచ్చేది ఎక్కించడానికి. చూడ్డానికి కాదు."

"అయితే తాళం ఇవ్వండి. ఇప్పుడే రుద్దుతాను."

మామ కూతురి వైపు చూశాడు. ఆమె గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుంది. వీధిలో ఏదో సైకిలు బెల్లు మోగింది. ఆ చప్పుడుకే ఆయన ఉలిక్కిపడ్డాడు.

"నా బండికి, నా ఇంట్లో, నాకే బేరం పెడుతున్నారు," అన్నాడు.

"మీ దగ్గర నేర్చుకున్నదే మావయ్యా."

పిన్నీసు తీయడానికి ఆ ముసలి వేళ్ళకి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం వెళ్ళలేదు. ఆయన తాళం చేతికి ఇవ్వలేదు. కిరోసిన్ తొట్టిలోకి విసిరాడు. నల్లటి చుక్కలు అల్లుడి మొహాన చిందాయి. అతను మోచేతి దాకా చెయ్యి ముంచి, అడుగున దేవులాడి, తాళం తీసి, తుడిచి జేబులో వేసుకున్నాడు. అప్పుడు హెడ్డు బోర్లించాడు.

ఎనిమిది అంకె చుట్టినట్టు రుద్దాడు. రుద్ది, కడిగి, ఉక్కు స్కేలు అంచు ఆనించి కింద వెలుతురు దూరుతోందేమో చూసి, మళ్ళీ రుద్దాడు. వెంట్రుక గీత ముందు పోయింది. పెద్దది మొండికేసి, చివరికి సన్నబడి, నీడలా మారి, అదీ పోయింది. తర్వాత అట్టలో గుచ్చిన వాల్వులు ఒక్కొక్కటే తీసి, గరుకు పేస్టు రాసి, వాటికి అతుక్కునే రబ్బరు మూతి పుల్లను అరచేతుల మధ్య కవ్వంలా తిప్పుతూ నూరాడు. పేస్టు ఆనవాలు లేకుండా అన్నీ కడిగి బిగించి, కారుతుందేమో చూడ్డానికి వాల్వుల మీది గుంటల్లో కిరోసిన్ పోశాడు. చుక్క కిందికి దిగలేదు.

"కారలేదు," అంది భార్య.

"కిరోసిన్ అయిపోయుంటుంది," అన్నాడు మామ.

బోల్టన్న పొద్దు వాలాక వచ్చాడు. హెడ్డు మొహం మీద అరచెయ్యి తిప్పాడు. బోల్టు బయటికి తీశాడు.

"అద్దమే. షెడ్డులో కూడా ఇంత బాగా రాదు తమ్ముడూ. ఇంతకీ ఎందుకు పోయినట్టు?"

"నీళ్ళు," అన్నాడు మామ, వీధికి వినబడేలా. "నీళ్ళు లేకుండా తోలారు మా అల్లుడుగారు."

కూతురు లోపలి నుంచి వచ్చి గోకుడుబద్దను మెకానిక్కు చేతిలో పెట్టింది. "ఇది నీకేమైనా పనికొస్తుందా అన్నా? మా ఇంట్లో దీనితో పని తీరిపోయింది."

బోల్టన్న దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. పెద్ద కోరకి తెల్లటి అల్యూమినియం పొట్టు అంటుకుని ఉంది. అతనికి నవ్వొచ్చింది.

"ఇనప ఇంజన్లకి చేసిన బద్ద ఇది. దీంతో ఈ హెడ్డు గీకితే ఇంకేముంది, గాడి పడుతుంది. గ్యాస్కెట్టు కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది, ఆనక నీళ్ళు ఆ గాడిలోనే దారి చేసుకుంటాయి. ఏ బుద్ధిమంతుడు గీకాడండీ?"

మామ కుర్చీలో కదల్లేదు. "అల్లుడుగారే," అన్నాడు.

అల్లుడు హెడ్డు ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

"అవునన్నా, నేనే. ఈ ఇంటికి అల్లుణ్ణి కాకముందే వచ్చి గీకిపోయాను."

బోల్టన్న ముగ్గురినీ చూశాడు. బోల్టు పళ్ళ మధ్య పెట్టుకుని వ్యాను దగ్గరికి నడిచాడు.

మర్నాడు తెల్లారకముందే సీట్లో అల్లుడే కూర్చున్నాడు. మాట్లాడి ఉంచిన డ్రైవరు రాలేదు. అలాంటివాడు ఒకడున్నాడో లేదో ఎవరికీ తెలియదు.

మామ మాత్రం కుర్చీ పెరట్లోంచి వీధి గుమ్మంలోకి మార్చుకున్నాడు. "నీళ్ళు పోశారో లేదో చూడమ్మా!" అని రోజూ పొద్దున ఇరుగుపొరుగు లేచేలా కేకేస్తాడు. అల్లుడు డబ్బా వంచి, తీరిగ్గా, రేడియేటరు నిండినా ఆపకుండా, పొంగిన నీళ్ళు వాలు వెంట పారి కుర్చీ కిందున్న మామ చెప్పులు తడిసేదాకా పోసి, అప్పుడు మూత బిగిస్తాడు.