మొదటి ఫేడర్ గొంతుకే

చెవులమ్మ అసలు పేరు ఇంట్లోవాళ్ళకే సరిగ్గా గుర్తుండదు. వీధి మలుపులో స్కూటర్ ఆగిందంటే అది ఎవరిదో, ఏ చక్రంలో గాలి తగ్గిందో లోపలి గదిలోంచే చెప్పేస్తుందని పుట్టింట్లో పెట్టిన పేరది. అత్తింటికీ సారెతోపాటే వచ్చేసింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ చెవులే ఆవిడకు అన్నం పెట్టాయి. పాడేవాళ్ళు పాడి, వాయించేవాళ్ళు వాయించి వెళ్ళిపోయాక, ఆ చప్పుళ్ళన్నిటినీ కంప్యూటర్లో సర్దడం ఆవిడ పని. సౌండ్ మిక్సింగ్ అంటారు. పదిమంది ఉన్న కొంపలో పెద్దకోడలు చేసే పనే అనుకోండి. ఒకళ్ళని కాస్త ముందుకు రమ్మనాలి, ఇంకొకళ్ళని నొచ్చుకోకుండా వెనక్కి పంపాలి.

అలాంటి మనిషికి కంటి జబ్బు వచ్చిపడింది. ఓరగా చూస్తే తలుపు, కిటికీ కనిపిస్తాయి. ఎదురుగా ఉన్న తెర మీద మాత్రం గీతలన్నీ అలుక్కుపోతాయి. ముదరకుండా ఆపగలం గానీ పోయిన చూపు తేలేం అన్నాడు డాక్టరు. మౌస్ పట్టుకుంటే బాణం ఎక్కడుందో కనబడదు. బాణం కనబడకపోతే పని లేదు. పని లేకపోతే చెవులమ్మ అన్న పేరెందుకు? అదీ ఆవిడ బెంగ.

ఆడపడుచు ఊరుకునే రకం కాదు. ముందుగదిలో బట్టలు కుడుతుంది. ఆవిడ నోటి ముందు కుట్టుమిషన్ కూడా వెనకబడిపోతుంది. ఎవరెవరినో అడిగి, కంట్రోలర్ అనే పెట్టె తెచ్చి వదిన ఒళ్ళో పెట్టింది.

"తెర మీదుండే మీటలన్నీ దీంట్లో ఉన్నాయట. చూడక్కర్లేదు, తడుముకో."

పైకీ కిందికీ జరిపే ఫేడర్లు వరసగా ఉన్నాయి. పైకి తోస్తే ఆ చప్పుడు పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. అప్పుడు చేతిలో ఉన్నది పిల్లల కథ ఒకటి. అందులో కథ చెప్పే ముసలమ్మ గొంతు మొదటి ఫేడర్‌కి వచ్చింది. ఆడపడుచు దాని నెత్తిన ముఖమల్ ముక్క అంటించింది. వాన చప్పుడుకి గోనెగుడ్డ, కుక్క అరుపుకి జీన్స్ ముక్క. చెవులమ్మ చేతులు వారం తిరక్కుండానే ఆ గుడ్డల్ని నేర్చేసుకున్నాయి. పోయిన ప్రాణం లేచివచ్చింది.

ఆ సంబరంలో ఉండగా పాటమ్మాయి వచ్చింది. పాడటం మొదలుపెట్టి ఎన్నాళ్ళో కాలేదు, సొంతంగా చేయించుకుంటున్న మొదటి పాట. చెవులమ్మకు చూపు బాగున్నప్పుడే మొదలైన పని అది. పాట పెట్టి, గొంతు కాస్త పెంచుదామని చెవులమ్మ ధీమాగా ముఖమల్‌ని పైకి తోసింది.

గొంతు పెరగలేదు. డ్రమ్ములు పిడుగు పడ్డట్టు పేలాయి. పాటమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది. కంప్యూటర్లో ఒక్కో చప్పుడుకి ఒక్కో ట్రాక్, ఫేడర్లు ఆ వరసనే పట్టుకుంటాయి. ఆ పాటలో మొదటి ట్రాక్ డ్రమ్ములది మరి! గుడ్డలు పెట్టెకు అంటుకున్నాయి గానీ పాటకు కాదు కదా. ఆ సంగతి వదినా ఆడపడుచుల్లో ఒక్కరికీ తట్టలేదు.

"మేడమ్," అంది పాటమ్మాయి, మెల్లగానే. "మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. ఇంకెవరికైనా ఇవ్వనా?"

"రేపు సాయంత్రం ఒక్కసారి వచ్చి విను. అప్పటికీ నచ్చకపోతే నీ ఇష్టం తల్లీ."

ఆ పిల్ల తలుపు దాటగానే ఆడపడుచు అందుకుంది. "గుడ్డలు పీకేసి ఈ పాటకి తగ్గట్టు అంటిస్తా."

"మళ్ళీ కథ తెరిస్తే?"

"మళ్ళీ పీకి మళ్ళీ అంటిస్తా. బంక బోలెడుంది."

"నీ బంక అయిపోతుంది గానీ ఈ కథలూ పాటలూ, నా ప్రాజెక్టులు అయిపోవే."

తెల్లారాక చెవులమ్మ కుర్చీలో కూలబడి వింటూ కూర్చుంది. ముందుగదిలో మిషన్ ఆగుతోంది, కత్తెర బల్ల మీద టక్కుమంటోంది, మళ్ళీ మిషన్ మొదలు. ఆ టక్కు ప్రతిసారీ ఒక్క చోటునుంచే వస్తోంది.

"ఏమే పిల్లా, ఏం కుడుతున్నావు?"

"పరదాలు."

"ఇందాక?"

"చంటిదాని గౌను. ఏం, నీక్కూడా కుట్టాలా?"

"మరి కత్తెర?"

"కుడిపక్కనే. బట్ట మారిందని కత్తెర చోటు మారుస్తారా ఎవరైనా?"

చెవులమ్మ లేచి నిలబడింది. "గుడ్డలు అలాగే ఉండనీ. ప్రాజెక్టుల్నే మారుద్దాం, రా!"

ఆడపడుచు మిషన్ వదిలేసి తెర ముందు కూర్చుంది. ఒక్కో ట్రాక్ పేరు కూడబలుక్కుని చదివింది, వదిన చెప్పిన చోటికి జరిపింది. కథైనా పాటైనా మొదటి ఫేడర్ గొంతుకే. రెండోది తోడు గొంతులకు. ఆ తరవాతే మిగతా సంత అంతా. అదే వరసతో ఒక ఖాళీ ప్రాజెక్టు కూడా చేసి దాచారు, కొత్తగా ఏ పని వచ్చినా అందులోంచే మొదలుపెట్టుకునేలా.

"ఇదేదో అడుగుతోంది వదినా. ఫేడర్ కదపగానే చప్పుడు దాని దగ్గరికి దూకాలా, లేక చెయ్యి వచ్చి అందుకునేదాకా ఉన్నచోటే ఆగాలా అని."

"దూకుడు నిన్న చూశాంగా. ఆగమను."

సాయంత్రం పాటమ్మాయి వచ్చేసరికి చెవులమ్మ కథ పనిలో ఉంది. ముసలమ్మ రహస్యం చెప్పే చోటు కాబట్టి గొంతు ఫేడర్‌ని బాగా కిందికి దించి ఉంచింది. కథ మూసి, పాట తెరిపించింది. ముఖమల్ మీద వేలు పెట్టి మెల్లగా పైకి తోసింది.

ఏమీ కాలేదు. ఇంకాస్త తోసింది. గొంతు ఉలకలేదు, పలకలేదు. తెర కేసి చూద్దామా అంటే అక్కడ ఉన్నది మసక. వేలు తీసేస్తే అంతటితో సరి, పాట వీధి దాటి వెళ్ళిపోతుంది. తియ్యలేదు. తోస్తూనే ఉంది.

ఉన్నట్టుండి గొంతు ఆవిడ వేలికి తగిలింది. జనంలో తప్పిపోయిన పిల్ల వచ్చి వేలు పట్టుకున్నట్టుగా తగిలింది. అప్పుడర్థమైంది చెవులమ్మకి. పాటలో గొంతును తను ఎప్పుడో ఎక్కడ వదిలిందో అది అక్కడే ఉంది. తన చెయ్యి కిందినుంచి ఎక్కి వచ్చేదాకా ఆగింది, అంతే. ఇక చెయ్యి ఎటు పోతే గొంతు అటే. చరణంలో పైకి తీసింది, తోడు గొంతుల్ని వెనక్కి పంపింది, చివర్లో డ్రమ్ముల్ని బుజ్జగించి కూర్చోబెట్టింది.

పాట అయింది.

"నేను ఊపిరి పీల్చడం కూడా వినిపిస్తోంది," అంది పాటమ్మాయి.

"తీసెయ్యనా?"

"అమ్మో, వద్దు మేడమ్! ఉండనివ్వండి."

గుమ్మంలో ఆడపడుచు ముక్కు చీదింది.

"నీకు దణ్ణం పెడదామంటే నాకన్నా చిన్నదానివి. ఆయుక్షీణం," అంది చెవులమ్మ.

"పెట్టకు బాబూ. నేను పోతే నీకు తెర ఎవరు చదువుతారు?"

"అందుకేగా ఆగాను. కానీ నా మనసులో పెట్టేశానే, ఏమనుకోకు."

పాటమ్మాయి సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి, కాస్త సిగ్గుపడుతూ అడిగింది.

"ఇంకో పాట కూడా ఉంది. తెరుస్తారా?"

ఆడపడుచు కళ్ళు తుడుచుకుని తెర ముందు కూర్చుంది. "దీంట్లో కూడా డ్రమ్ములే ముందొచ్చి కూర్చున్నాయి వదినా!"

"లేపి వెనక కూర్చోబెట్టు," అంది చెవులమ్మ, చేతులు పెట్టె మీద ఆనించి.