ఎవరు చెప్పిన్రని చూసినం

దశరథం కంటికి నాడె తగిలిన పొద్దున నేను అతని పక్కనే ఉన్నాను. కరెంటు మగ్గాన్ని మా దిక్కు సాంచ అంటాం. అతనొక్కడే నాలుగు సాంచలు నడుపుతున్నాడు. ఒకదాని మీద తెగిన పోగు అతుకుతుంటే, వెనక సాంచలోంచి, పోగు మోస్తూ అటూ ఇటూ ఉరికే నాడె ఎగిరొచ్చి ఎడమ కన్ను పగలగొట్టింది. సాంచల ఓనరు సేటు ఉరికొచ్చి ముందు బట్ట చూశాడు, నెత్తురు పడిందేమోనని. "గీని సాంచలు ఎవలన్న పట్టుండ్రి, ఆపకుండ్రి" అన్నాడు.

కార్మికులారా, సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆ కన్ను పోవడంలో మా చెయ్యి కూడా ఉంది.

అంతకు ఏడాది ముందు, పందొమ్మిది వందల అరవై ఐదులో, సేటు సాంచలు తెస్తున్నాడని తెలిసి కులసంఘం కూర్చుంది. బొంబాయి దిక్కు భీమండి మిల్లుల్లో పదేళ్లు చేసొచ్చిన కైలాసం లేచాడు.

"సాంచలు రానియ్యుండ్రి. గని మనిషికి రెండే అని కాయితం రాయించుకోండ్రి. నాలుగైతే సూపు ఒకదాని మీదుంటది, నాడె ఇంకోదాన్నుంచి వస్తది. కండ్లు పోయినోళ్లను జూసిన."

సేటు తరఫున మాకు నూలు పంచే కొమురెల్లి అందుకున్నాడు. "సేటు నిన్ను సాంచలు బాగుజేసే జాబరు పనిల పెట్టుకోలేదని కడుపుమంట. పని అడిగినవా లేదా?"

"అడిగిన" అన్నాడు కైలాసం, తల దించుకుని.

అంతే, మేం ఈలలు వేశాం. అందరికన్నా గట్టిగా అరిచింది నేనే. కొమురెల్లి ఎవరి కోసం మాట్లాడుతున్నాడో ఒక్కరమూ అడగలేదు. రెండా, నాలుగా అన్న ముచ్చట ఆ గోలలో కొట్టుకుపోయింది.

దశరథాన్ని కరీంనగర్ దవాఖానకు పంపి మళ్లీ కూర్చున్నాం. కైలాసం మళ్లీ మనిషికి రెండే అన్నాడు. కొమురెల్లి పాత పాటే ఎత్తుకున్నాడు.

"కైలాసం మిమ్ముల ఎగేస్తుండు. వాని మతలబు వానికున్నది."

నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానమే. సంఘానికి పెద్ద కావాలని చూస్తున్నాడేమో అనుకున్నాను.

దశరథం భార్య సత్తమ్మ లేచింది. "ఉండనీ బావా! మతలబు నాకు గూడ ఉన్నది, నా మొగని కన్ను పోయింది. నూలు కొనేటప్పుడు అమ్మెటోని మొకం జూసి ఊకుంటమా? పోగు గుంజి జూస్తం. గంత తెలిసినోళ్లు, గీ మనిషి మాట ఒక్కనాడన్న గుంజి జూసిన్రా? కైలాసం మతలబు అడుగుండ్రి, సేటుది గూడ అడుగుండ్రి. గని ముందుగాల జెప్పుండ్రి. నాలుగు సాంచలు ఒక్కడు నడుపుతడా?"

"నడపలేం" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ గట్టిగా అన్నాను. ఈసారి నాతో నలభై మంది అన్నారు.

మరునాడు తలా రెండు సాంచలే నడిపాం. మిగిలినవి ఆపేశాం. మధ్యాహ్నానికి పోలీసులు దిగారు. "ఎవడు ఎగేసిండు మిమ్ముల?" అని ఎస్సై అడిగాడు. కొమురెల్లి షెడ్డు వాకిట్లో ఉన్న కైలాసం దిక్కు వేలు చూపించాడు. కైలాసాన్ని కొట్టుకుంటూ జీపెక్కించారు.

"నా కోసం ఫికర్ జెయ్యకుండ్రి" అని అరిచాడు కైలాసం. "రెండు దాటనియ్యకుండ్రి!"

అతని మనసులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

జీపు కదిలాక సేటు, మేం ఆపిన సాంచలు నడిపిద్దామని వాటి వైపు నడిచాడు. పొద్దుటి నుంచి షెడ్డులోనే ఉన్న సత్తమ్మ అడ్డం నిలబడింది. నేను ఆమె పక్కకు వెళ్లాను. తక్కినవాళ్లూ సాంచలు వదిలి వచ్చారు. షెడ్డులో చప్పుడు ఆగిపోయింది.

"ఎన్ని నడుపుతరు?" అన్నాడు సేటు.

"రెండు" అన్నాం.