గున్నమ్మ అత్త చూడని ఇల్లు

మా అత్త గున్నమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది, తడి కాళ్ళతో లోపలికి రావచ్చో లేదో తెలియని చుట్టంలాగ, మా కొత్త ఇంటిని కింద నుంచి పై దాకా చూస్తూ. ఆమె పోయాక కట్టుకున్న ఇల్లు ఇది. పోయిన మనిషి ఎలా వచ్చిందన్న ఆలోచనే నాకు రాదు; ఎక్కడో చుట్టాలింట్లో చాన్నాళ్ళుండి ఇప్పుడే బస్సు దిగినట్టుంది. ఎండ ఉంది, ఎండలోనే వాన పడుతోంది, వీధి ఉండాల్సిన చోట సముద్రం మెల్లగా ఊపిరి తీస్తోంది, అది అక్కడ ఉండకూడదని కూడా నాకు అనిపించడం లేదు.

"ఒలే మేనకా, ఇదేటే, ఇంత ఎత్తుగా కట్టినారు? చేపల గంప నెత్తినెట్టుకుని ఇన్ని మెట్లు ఎక్కగలనేటి నాను?"

"ఉప్పెనొస్తే నీళ్ళు తొందరగా గదిలోకి రాకుండా అత్తా. పునాది ఎత్తుండాలని మేస్త్రీ పట్టుబట్టినాడు."

ఆమె మెట్లెక్కుతూ ఉంటే మెట్లు పెరుగుతూ ఉంటాయి, నేను చెయ్యి అందిస్తే పట్టుకుంటుంది. లోపల గోడల మీద అరచేత్తో తట్టి చూస్తుంది, పుచ్చకాయ కొనేటప్పుడు తట్టినట్టు. నాలుగు పక్కలా వాలిన కప్పు చూసి మెచ్చుకుంటుంది, ఆ వెంటనే చుట్టూ దేనికోసమో వెతుకుతుంది.

"వసారా ఏదే? సముద్రమేపు వసారా లేకండా ఇదేటి ఇల్లు?"

"పెద్ద వసారా కింద గాలి దూరిందంటే కప్పునే లేపేస్తాదంట అత్తా."

అన్నాక నాలుక కరుచుకుంటాను. ఎందుకంటే పాత ఇంట్లో ఆ వసారా ఆమెకి ప్రాణం. సాయంత్రాలు అక్కడే కూర్చుని వలలు బాగుచేసేది, అక్కడి నుంచే మా మావ పడవని దూరం నుంచి గుర్తుపట్టేది. ఆ తుపాను రోజు ముందు లేచింది వసారా రేకులే. వాటి మీద ఇటుకలు బరువు పెట్టి ఊరుకున్నాం, అందరూ అలాగే పెట్టేవారు. గాలికి రేకులతో పాటు ఇటుకలు కూడా ఎగిరాయి. ఆ తరవాత గోడ. నా పెద్దకూతుర్ని నా చేతుల్లోకి తోసేసి ఆమె ఏదో అరిచింది, ఆ మాటని గాలి ఎత్తుకుపోయింది, గోడ ఆమె మీద పడింది.

ఇప్పుడు మేం నిలబడ్డది ఇల్లు కాదు, తుపాను షెల్టరు. కాసేపటికి అది కూడా కాదు. కిటికీ ఊచలకి కట్టిన పడవలు గదిలో తేలుతుంటే, తడపని నీళ్ళలో ఇద్దరం కాళ్ళు చాపుకుని కూర్చున్నాం.

"అత్తా, ఆ రోజు నాకేదో చెప్పినావు. గాలిలో ఇనబడ్లేదు. ఏటన్నావు?"

ఆమె బుగ్గ మీద వేలుపెట్టి చాలాసేపు ఆలోచిస్తుంది.

"గుర్తు నేదే. పొయ్యి మీద కూరుంది, దించీమని అనుంటాను."

"కూరా?"

"మరేటుంటాది? ఇన్నేళ్ళూ దానికోసమే మనసు పాడుచేసుకున్నావేటే, పిచ్చిదానా?"

నాకు నవ్వొస్తుంది, నవ్వుతూనే ఏడుస్తాను, ఆమె తన కొంగుతో నా మొహం తుడుస్తుంది, బతికున్నప్పుడు ఎంత ఇష్టమున్నా ఎన్నడూ అలా చెయ్యలేదు.

"మీ మావేడే?" అంటుంది.

"ఇంట్లోనే కూకున్నాడు. పెద్ద తుపానొస్తందని మైకులో చెప్తన్నారు. నీ కొడుకు పడవలు పైకి లాగించడానికెల్లినాడు, ఆడగుంటలిద్దర్నీ ఎంటబెట్టుకుని నాను షెల్టరుకొచ్చేసినాను. మావ మాత్రం ఇల్లు గట్టిది, నాను కదల్నంటాడు."

"గట్టిదే గదే. మూలమూలకీ కడ్డీలేసినారు, కప్పుని గోడకి బిగించినారు."

"గాలికి ఆగుతాది అత్తా. సముద్రమే లోపలికొచ్చేస్తే ఆగుతాదేటి? మనం తిరిగొచ్చేసరికి నిలబడుండాలని కట్టుకున్నాం గానీ, ఆ గాల్లో అందులో కూకోడానికి కాదు."

"ఆ మాట ఆయనకి చెప్పు."

"అందరం చెప్పినాం. పోలీసులు చెప్పినారు, నీ కొడుకు కేకలేసినాడు. ఆయన బాధ ఇల్లు కాదత్తా. నువ్వు ఎప్పుడైనా వస్తే తలుపు తీసేవాళ్ళుండరని."

ఆమె తల వంచుకుంటుంది. నీళ్ళలో ఆమె నీడ మాత్రం నా వైపే చూస్తోంది.

"మీరెక్కడుంటే అక్కడికే గదే నానొస్తాను. గోడల కాడికెందుకొస్తాను?"

"నువ్వే వచ్చి చెప్పు మరి."

"నాను చెప్తే ఎప్పుడిన్నాడే, పెళ్ళయిన కాడ్నించీ?" ఆమె నవ్వుతుంది. "చేపల ఏటకెల్లినోడు ఎవరు చెప్పినా ఇనడు మేనకా. పక్క పడవోడు సాయానికి కేకేస్తే మాత్రం వలొదిలేసి ఒచ్చేస్తాడు. చెప్పకు. అడుగు."

ఆమె చెయ్యి పట్టుకోబోతే అది నా చిన్నకూతురి చెయ్యి అయింది, నా ఒళ్ళో నిద్రపోతూ నా వేలు బిగించి పట్టుకుని ఉంది. షెల్టరు గోడకి ఆనుకుని పట్టపగలే కునుకు తీశాను. బయట వాన మొదలైంది, ఆకాశం ఇంకా తెల్లగానే ఉంది. పిల్లల్ని పక్కింటి పార్వతక్కకి అప్పగించి, కొంగు తలమీదికి లాక్కుని పరిగెత్తాను.

మావ మంచం మీద కూర్చుని తలుపుకేసి చూస్తున్నాడు. ఇల్లు వదలమని నేను అనలేదు.

"మావా, నాకు బయమేస్తంది. నీ కొడుకింకా రాలేదు. గుంటలతో ఒక్కదాన్నే ఉండలేను. వచ్చి మా కాడ కూకో."

ఆయన లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, కిటికీలన్నీ గడియలు పెట్టి, నా వెనకే వచ్చాడు. షెల్టరులో మోకాళ్ళు తగిలేంత ఇరుకు. చీకటి పడకముందే నా మొగుడూ వచ్చేశాడు. మావ పిల్లల్ని రెండు పక్కలా పొదువుకుని, గాలి అరుస్తున్నంతసేపూ వాళ్ళతో ఏవో చేపల కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

గాలి తగ్గాక వెళ్ళి చూశాం. ఇల్లు నిలబడే ఉంది, కప్పు ఒక్క చోట కూడా లేవలేదు. గదినిండా బురద, ఆయన మంచం ఎక్కడికో కొట్టుకుపోయింది. గోడ మీద నీరు నిలిచిన చార ఉంది. మావ దాని పక్కన నిలబడ్డాడు. అది ఆయన గడ్డం దాకా వచ్చింది. వేలితో ఆ చారని కొంతదూరం తడిమి, నా వైపు తిరక్కుండానే అన్నాడు:

"నీకు బయమెయ్యడం మంచిదయింది తల్లీ."